అడవి గేటు ఏ వేళకు తెరవాలి?

హైదరాబాద్‌లో కేబీఆర్‌ పార్కు దగ్గరికి ఓ ఉదయం వెళ్లి చూడండి. కంచె లోపల చెట్ల నీడన నడిచేవాళ్లు కొందరు. కంచె బయట, రోడ్డు పక్కన, వాహనాల పొగలో నడిచేవాళ్లు ఇంకొందరు. ఇద్దరికీ డాక్టరు చెప్పింది ఒకటే... రోజూ అరగంట నడవమని. వేగంగా నడిచేటప్పుడు ఊపిరి ఎక్కువగా తీస్తాం. గాలితో పాటు పొగా ఎక్కువే లోపలికి పోతుంది. అసలు నడవకపోవడం కన్నా రోడ్డు పక్కన నడవడమే మేలు, సందేహం లేదు. కానీ పక్కనే అడవి ఉన్నా పొగలో నడవాల్సి రావడం ఏం న్యాయం?

1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన ఈ అడవి విస్తీర్ణం దాదాపు 390 ఎకరాలు. నగరం మధ్యలో ఇంత పచ్చదనం మిగిలిందంటే అది కంచె పుణ్యమే. కంచె తీసేయమని ఎవరూ అనకూడదు. చీకటి పడ్డాక గేటు మూయాల్సిందే, నెమళ్లకూ పాములకూ ఆ మాత్రం ప్రశాంతత కావాలి. మన అభ్యంతరమల్లా వేళల గురించే. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తెరిస్తే ఎవరికి వీలవుతుంది? రిటైరైన పెద్దలకు, సొంత వాహనం ఉన్నవాళ్లకు. ఆ సమయంలో పిల్లల లంచ్‌ బాక్సులు సర్దే తల్లికి వీలవుతుందా? ఆమెకు తీరిక దొరికేది ఇల్లు ఖాళీ అయ్యాకే. బీపీ, షుగర్‌ మాత్రం వేళ చూసుకుని రావు.

పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది సమాచారంతో 2019లో ఒక అధ్యయనం వెలువడింది. వారానికి కనీసం 120 నిమిషాలు పచ్చని చోట్ల గడిపినవాళ్లలో తమ ఆరోగ్యం బాగుందని చెప్పినవారు ఎక్కువ. ఆ రెండు గంటలూ ఒకేసారి గడిపినా, విడతలుగా గడిపినా తేడా కనిపించలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువగా బయటికి వెళ్తారేమో అన్న అనుమానం ఎలాగూ ఉంటుంది. అయినా ఆదివారం ఒక్కపూట కుటుంబంతో వెళ్లగలిగినా దండగ కాదన్నమాట.

తెలంగాణ అటవీ శాఖ నగరం చుట్టూ ఉన్న రిజర్వు ఫారెస్టుల్లో మంచి పద్ధతే పాటించింది. ఒక భాగాన్ని పార్కుగా తెరిచి, మిగతాది అడవికే వదిలేసింది. కేంద్రం 2020లో ప్రకటించిన నగర వనాల పథకం ఉద్దేశమూ ఇలాంటిదే. విశాఖ వాసులకు కంబాలకొండ ఉంది. అయితే శివారు పార్కుకు బస్సు లేకపోతే అది కారున్నవాళ్ల పార్కే. లోపల శుభ్రమైన టాయిలెట్‌ లేకపోతే ఆడవాళ్లు గంటసేపు ఉండలేరు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకు ఎగుడుదిగుడు బాట కన్నా గేటు దగ్గరే చదునైన అర కిలోమీటరు, మధ్యలో రెండు బెంచీలు ఎక్కువ ఉపయోగం.

చలికాలంలోనైనా గేటు దగ్గరి బాటను మధ్యాహ్నం దాకా తెరిచి ఉంచొచ్చు. లోపలి అడవి జోలికి పోనక్కర్లేదు. నెలవారీ పాసు చిరుద్యోగి కుటుంబానికీ అందేలా ఉండాలి. సిబ్బంది ఖర్చు పెరుగుతుందంటారు, నిజమే. ఆ ఖర్చు ప్రజారోగ్య పద్దులోంచి ఎందుకు ఇవ్వకూడదు?

మన వంతూ ఉంది. గేటు మూయడానికి అధికారులకు సాకులు అందిస్తున్నది మనమే. చిప్స్‌ కవర్లు, ఫోన్‌లో పెద్దగా పాటలు, కోతులకు అరటిపళ్లు ఇంటి దగ్గరే వదిలేసి వెళ్దాం. బాట దిగొద్దు, పొదల్లో పాములుంటాయి. మీ దగ్గరి పార్కు వేళలు మీకు కుదరకపోతే నలుగురు కలిసి రేంజ్‌ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. ఏ వేళ కావాలో, ఎంతమంది వస్తారో అందులో రాయండి.