ఎడారి ఎలుక జర్బూ

దక్షిణ అమెరికా వర్షారణ్యములందు అగూటి యను మూషికజాతి జంతువు కలదు. అది రాలిన గింజలను తిన్నన్ని తిని, మిగిలినవి నేలలో పాతిపెట్టును. మరచినవి మొలచి వృక్షములగును. అడవి దానిని పోషించును, అది అడవిని నాటును. అబూ హలీఫా వీధులు దాటి పడమటికి పోయిన, అక్కడి ఎడారిలో ఆ జాతికే చెందిన దొకటి నీరును నీడయు లేక బ్రదుకుచున్నది. అరబ్బులు దానిని జర్బూ అందురు.

కువైతున ఏటికి కురియు వాన సుమారు 4 అంగుళములు. గోదావరి తీరమున ఒక్క తుపానునాడే అంత పడవచ్చును. 2016 జూలై 21వ తేదీన మిత్రిబాలో వేడి 53.9 డిగ్రీలకు చేరెను. అట్టి దేశమున జర్బూ నీరు త్రాగకయే జీవించును. గింజలు, వేళ్లు, లేత మొలకలలోని తడియే దానికి చాలును. మూత్రమును మిక్కిలి చిక్కగా విడుచుటచే ఆ తడి వ్యర్థముకాదు.

దేహము జానలో సగము, తోక దానికంటె పొడవు. పొట్టి ముందుకాళ్లు త్రవ్వుటకును తినుటకును ఉపయోగించును. వెనుకకాళ్లతో కంగారువలె గంతులు వేయును. అరికాళ్ల వెండ్రుకలచే ఇసుకలో దిగబడదు. నవ్వు పుట్టించు రూపమే గాని, దాని యింటిపనికి ఏ మేస్త్రీయైనను తల యూపవలసినదే. పగలు కలుగులో నిద్రించును. ముఖ్యముగా వేసవిలో వాకిటిని లోపలినుండి ఇసుకతో పూడ్చుకొనును. వేడి లోనికి రాదు, ఊపిరిలోని తేమ వెలికిపోదు. అంతేకాక మరియొక సొరంగమును పైవరకు త్రవ్వి, తెరవక, పలుచని మట్టిపొర మిగుల్చును. పాము వాకిట దూరినచో ఆ పొరను తలతో పగులగొట్టి యెగిరిపోవును. దాని ప్రాణము ఆ పొరలోనే యున్నది.

రెండవ ప్రపంచయుద్ధమున ఆఫ్రికా ఎడారిలో పోరిన బ్రిటిషు 7వ కవచదళము దీనినే చిహ్నముగా ధరించెను. 1991లో కువైతు విమోచనకు వచ్చిన బ్రిటిషు ట్యాంకులమీదను ఆ ఎఱ్ఱ జర్బూ యుండెను.

నక్కయు గుడ్లగూబయు దీనికి పాత శత్రువులే. క్రొత్తది మోటారు చక్రము. నవంబరు మొదలు మార్చివరకు జనులు ఎడారిలో గుడారములు వేసికొందురు. బండ్లు నడచిన నేల గట్టిపడి, వాననీరింకక, అర్ఫజ్ పొదలు నశించును. పసుపుపూల అర్ఫజ్ కువైతు జాతీయపుష్పము. పొదలు పోయిన గింజలు లేవు. గట్టినేలలో పారిపోవు దారి త్రవ్వుటయు కష్టమే. జహ్రాకు ఆవల కంచె వేసి కాపాడిన సబా అల్ అహ్మద్ అభయారణ్యమున మాత్రము పొదలు మరల లేచినవి.

గుడారములకు పోవు చదువరులు తెల్లవారుజామున, గాలి లేవకముందు, ఇసుకపై జంటజంటలుగా చిన్న అడుగుజాడలను చూడవచ్చును. అవి ఒక్కొకప్పుడు ఏ రంధ్రమును కానరాని చోట ఆగిపోవును. బండిని అచ్చటికి దూరముగా నిలుపవలెను.