ఇంజను ఆయిల్‌లో ‘మందు’: దండగ ఖర్చు

కుల్కచర్ల: పల్లెల్లో కందులు బేరమాడి తాండూరు మార్కెట్టుకు పరుగెత్తే చిల్లర వర్తకునికి మోటారు సైకిలే కాలూ చెయ్యీ. ఇంజను ఆయుష్షు పెంచుతుందంటూ ఆయిల్‌లో కలపడానికి అమ్మే చిన్న సీసాల విషయంలో అతడు తొందరపడకపోవడం మంచిది.

అరుగుదలను అరికట్టే జింకు సమ్మేళనాలు, మడ్డి పేరుకోనివ్వని రసాయనాలు మంచి ఆయిల్‌లో తగు పాళ్లలో ముందే కలిసి ఉంటాయి. పైన మరొకటి పోస్తే ఆ పాళ్లు చెడతాయి.

అసలు చిక్కు క్లచ్‌తోనే. కార్లలో సాధారణంగా క్లచ్‌కు ఇంజను ఆయిల్ తగలదు. గేర్లున్న మోటారు సైకిళ్లలో ఎక్కువ వాటికి ఇంజను, గేర్లు, క్లచ్ ప్లేట్లు ఒకే ఆయిల్‌లో తడుస్తాయి. జారుడు పెంచే మాలిబ్డినం వంటిది అందులో పడితే ప్లేట్ల పట్టు సడలవచ్చును. అప్పుడు బరువుతో ఎత్తు ఎక్కే వేళ ఇంజను మోత పెరుగుతుంది గాని బండి వేగం పెరగదు. ఈ ఇబ్బంది దృష్ట్యానే జపానులో 1998లో మోటారు సైకిల్ ఆయిళ్లకు ‘జాసో’ ప్రమాణం వచ్చింది.

అమెరికాలో ‘స్లిక్ 50’ ప్రకటనలకు తగిన ఆధారాలు లేవని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో అభియోగం మోపగా, 1997లో రాజీ కుదిరింది.

కాబట్టి బండి పుస్తకంలో చెప్పిన గ్రేడు, డబ్బాపై ‘జాసో ఎంఏ’ లేదా ‘ఎంఏ2’ గుర్తు చూసి కొని, గడువుకు ఆయిల్ మార్పిస్తే చాలును. సీసాపై మిగిలే నాలుగు రూపాయలకు ఆశపడి దానిని అంటగట్టే దుకాణదారు, క్లచ్ ప్లేట్ల ఖర్చు నెత్తిన పడిన నాడు ఖాతాదారునే పోగొట్టుకుంటాడు.