మూసలో కరగుచున్న చరిత్ర

1812లో మద్రాసు నుండి సమరాంగ్ అను యుద్ధనౌకపై సిడ్నీకి తరలిన 40,000 స్పానిషు డాలర్ల వృత్తాంతము ఆదోని, ఎమ్మిగనూరు వాసులకు పరదేశపు ముచ్చటగా తోచవచ్చును గాని, 1800లోనే నిజాము దత్తమండలములతో పాటు ఆదోనిని కుంఫిణీవారికి అప్పగించి యుండుటచే, ఆ వెండిని పంపిన మద్రాసు ప్రభుత్వమే నాడు మన సీమకును ప్రభుత్వము.

నెపోలియనుతో సమరము సాగుచున్న ఆ దినములలో న్యూ సౌత్ వేల్స్ వలసయందు నాణెమునకు కరవు. వచ్చినది వచ్చినట్లే సరకుల ఓడలతో వెడలిపోవుచుండెను. అందుచే గవర్నరు మక్వారీ, నకిలీ నాణెముల నేరమునకు ద్వీపాంతరశిక్ష పడిన విలియం హెన్షాల్‌ చేతనే ప్రతి డాలరునకు నడుమ రంధ్రము కొట్టించి, వలయమునకు 5 షిల్లింగులు, ఊడిన బిళ్లకు 15 పెన్నీలు వెలకట్టెను. రంధ్రము పడిన నాణెము బయటి దేశమున పూర్తి వెలకు చెల్లదు గనుక, వెండి వలస దాటిపోక నిలిచినది. 1829లో ఆ నాణెములు రద్దయినవి. ఆ వలయములలో నేడు మిగిలినవి సుమారు 300 మాత్రమే.

మన వాడుకలోనికి వచ్చిన స్పానిషు వెండి మాత్రము మరియొక రూపు దాల్చెను. 1807, 1808 ప్రాంతమున మద్రాసు టంకశాలవారు స్పానిషు డాలర్లపైననే అర వరహా అచ్చు కొట్టిరి: ఒక ముఖమున గోపురము, రెండవ ముఖమున పద్మమున వెలసిన విష్ణుమూర్తి, చుట్టును తమిళముతో పాటు మన తెలుగు అక్షరములు. కొన్నిటిని వెలుతురున ఏటవాలుగా పట్టి చూచినచో, క్రొత్త ముద్ర క్రింద పాత ముద్ర జాడలు నేటికిని కానవచ్చును. సముద్రములు దాటివచ్చిన పరాయి రాజుల వెండిపై మన లిపి నిలిచిన ఆ బిళ్లను మించిన చారిత్రక పత్రము వేరొకటి గలదా?

రెండవ ప్రపంచ మహాయుద్ధమున, 1943లో, లోహము పొదుపునకై వచ్చిన చిల్లు కాణీ పాత కాణీ తూకములో సగమైనను తూగదు. దానిని మేకు క్రింద వాషరుగా బిగించినవారును గలరు.

ఇట్టి నాణెములను పాత వెండిగా, పాత రాగిగా తూచి మూసలో కరగించుట నా దృష్టిలో క్షమింపరాని నష్టము. తూకమునకు దొరకు రొక్కము నెలలోపల వ్యయమగును. కరగిన అక్షరములు మరల రావు. కావున ఆదోని, ఎమ్మిగనూరు గృహస్థులారా, పెట్టె అడుగున దొరకిన పాత బిళ్లను అంగడికి కొనిపోవుటకు ముందు, నాణెముల నెరిగిన వారికి ఒక్కమారు చూపుడు.