మా అబ్బాయి ప్రాజెక్టు మేనేజరట!



"సాఫ్ట్‌వేరు ఉద్యోగమేనండీ, అయితే ప్రోగ్రాములు వ్రాయడట. ప్రాజెక్టు మేనేజరట. పొద్దస్తమానము ఫోనులో మాట్లాడుతూనే ఉంటాడు. మాట్లాడినందుకు కూడ జీతమిస్తారా అయ్యగారూ?" అని పర్చూరు వైపు ఒక తల్లి మమ్ములను అడిగింది. ఆమె ఒక్కతే కాదు. ఇంజనీరింగు చదివించుటకు ఎకరమో అరెకరమో అమ్ముకొన్న ఇండ్లలో ఈ అనుమానము చాలమందికి ఉన్నది. సంబంధము చూడ వచ్చినవారు సహితము "అబ్బాయికి ఎన్ని కంప్యూటరు భాషలు వచ్చు?" అని అడిగి, ఇప్పుడు అవేమీ వ్రాయడని తెలియగానే ముఖము చిన్నబుచ్చుకొంటారు. గనుక మిల్లులకు, ఫ్యాక్టరీలకు, ప్రభుత్వ శాఖలకు సాఫ్ట్‌వేరు చేయించి ఇచ్చేవారి పనిని గూర్చి ఈ నెల వ్రాస్తున్నాము.

ప్రోగ్రాము వ్రాసేవాడు తనకు చెప్పినది వ్రాస్తాడు. అతనికి ఏమి చెప్పాలో తెలుసుకొనుట వేరే పని. అది తెలుసుకొనుట, పనివారికి పంచిపెట్టుట, అనుకొన్న రోజుకు అనుకొన్న ఖర్చులో చేయించుట, చేయించినది సరిగా ఉన్నదో లేదో చూచుట, ఇవి మేనేజరు పని. ఇల్లు కట్టేటప్పుడు మనకు మంచి తాపీమేస్త్రి ఎందుకు కావాలో ఇక్కడ ఇతడు అందుకే కావాలి. మేస్త్రి రోజంతా ఇటుకలు పేర్చడు. అయినా అతడు రాని రోజు గోడ వంకర పోతుంది.

మనకు బాగా తెలిసిన పత్తి మిల్లునే చూడండి. వంద కిలోల పత్తి జిన్నింగు ఆడిస్తే సుమారు 33 నుండి 35 కిలోల దూది వస్తుంది, మిగిలినది చాలవరకు గింజ. దూదిని 170 కిలోల బేళ్లుగా కట్టి నూలు మిల్లుకు పంపుతారు. హైదరాబాదులో గదిలో కూర్చున్న కుర్రవాడు "లోపలికి వచ్చిన బరువు, బయటికి పోయిన బరువు సమానముగా ఉండాలి, లేనియెడల తప్పు చూపించు" అని ప్రోగ్రాము వ్రాస్తాడు. లెక్కల పుస్తకము ప్రకారము అది సరియే. అయితే దూది గాలిలోని తేమను పీల్చుకొంటుంది, ఎండకు విడిచిపెడుతుంది. సి.సి.ఐ. కేంద్రములో తేమ 8 శాతము దాటితే ధర తగ్గించుట, 12 దాటితే అసలు కొనకపోవుట మన రైతులందరు ఎరిగినదే. మంచు కాలము తెల్లవారుజామున తూచిన దూది మధ్యాహ్నము తూస్తే తగ్గుతుంది. ఇక ప్రోగ్రాము రోజూ దొంగతనము జరిగినట్లు కేక పెడుతుంది. యజమాని గోడౌను గుమస్తాను అనుమానిస్తాడు. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిరప టిక్కీ దించేనాటికి పెట్టిననాటి బరువే ఉండదని మన ఊళ్లలో పదేండ్ల పిల్లవాడు కూడ చెప్పగలడు. అయితే ఆ పిల్లవానిని ఎవరు అడిగినారు?

అడుగుటయే ఈ ఉద్యోగములో సగము. మేనేజరు స్వయముగా వెళ్లి కాటా దగ్గర రెండు రోజులు నిలబడాలి. పగటి షిఫ్టే కాదు, రాత్రి షిఫ్టు కూడ చూడాలి. నెహెమ్యా గోడ కట్టించక మునుపు రాత్రివేళ దాని చుట్టూ తిరిగి చూచిన సంగతి మనకు తెలిసినదే. ఇంకొక చిక్కు ఉన్నది. ఆ గుమస్తా అడిగిన వెంటనే అన్నియు చెప్పడు. ఈ పెట్టె వచ్చిన తరువాత తన ఉద్యోగము ఉంటుందో ఊడుతుందో అని అతనికి భయము. ఇరవై ఏండ్లుగా తన నోటి లెక్కలో పెట్టుకొన్న సంగతులు ఎవరికో అప్పగించి వీధిన పడుటకు ఎవరు ఇష్టపడతారు? అతని భయము తీరే మాట యజమాని చేత చెప్పించవలెను. లేకపోతే ఎంత తెలివిగల ప్రోగ్రామైనను ఆ మిల్లులో నడవదు. కొత్తది వచ్చిన తరువాత కూడ కొన్ని వారములు పాత పుస్తకము, కొత్త కంప్యూటరు పక్కపక్కన నడవాలి. గుమస్తా ఒకే లెక్క రెండుసార్లు వ్రాసి విసుగుకొంటాడు. ఆ విసుగును ఓర్చుకొనుట కూడ జీతములో భాగమే.

పని ఆలస్యమైతే యజమాని అనే మొదటి మాట, "ఇంకొక పదిమందిని పెట్టండి." ఆయన అడిగినది ఆయన అనుభవములోనిదే. మిరప కోతలలో కూలీలను రెట్టింపు చేస్తే చేను త్వరగా తెగుతుంది. సాఫ్ట్‌వేరులో అట్లు కాదు. ఐ.బి.యం. కంపెనీలో 1960లలో ఒక మహా పెద్ద ప్రోగ్రామును చేయించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ఒక పుస్తకము వ్రాసి ఈ సంగతి లోకమునకు చాటినాడు. వెనుకబడిన పనిలో కొత్తవారిని చేర్చితే పని ఇంకా వెనుకబడుతుందని ఆయన అనుభవము. ఎందుకంటే కొత్తవానికి నేర్పుటకు పాతవాడు తన పని ఆపాలి. మనుష్యులు పెరిగినకొలది ఒకరితో ఒకరు మాట్లాడుకొనవలసినది అంతకు మించి పెరుగుతుంది. చేనులో ఒక కూలీకి పక్క సాలులోని కూలీతో మాటలు అవసరము లేదు. (మాటలు ఉంటాయనుకోండి, అవి వేరు.)

మిల్లులో యజమాని ఒక్కడు. అతనిని ఒప్పిస్తే చాలు. ప్రభుత్వము దగ్గర యజమాని ఎవరో చెప్పుటయే కష్టము. టెండరులో తక్కువకు పాడినవానికి పని వస్తుంది. సంతకము పెట్టిన అధికారి బదిలీపై వెళతాడు, వచ్చినవాడు మొదటినుండి చెప్పమంటాడు. పని అయినను బిల్లు రాకపోవచ్చు. చిన్న కంపెనీ అయితే బిల్లు రానినెల జీతము కూడ ఆలస్యమవుతుంది. మీ అబ్బాయి ఒక నెల డబ్బు పంపకపోతే వెంటనే చెడు అలవాట్లు అనుకొనవద్దు.

అయినను ప్రభుత్వపు పని చక్కగా జరిగిన ఉదాహరణ మన రాష్ట్రములోనే ఉన్నది. ఒకప్పుడు పొలము కొనబోయేవాడు ఈసీ కొరకు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ రోజుల తరబడి తిరిగేవాడు. గుమస్తా బరువైన ఇండెక్సు పుస్తకములు తిరగేసి, ఏటికేడు వెదకి చేతితో వ్రాసి ఇచ్చేవాడు. జె. సత్యనారాయణ గారను ఐ.ఎ.ఎస్. అధికారి ఆధ్వర్యములో రిజిస్ట్రేషను శాఖ 'కార్డ్' అను ప్రాజెక్టు చేపట్టి, 1998 నవంబరు 4న 214 ఆఫీసులలో కంప్యూటర్లతో పని ఆరంభించినది. రోజులు పట్టిన ఈసీ నిమిషములలోకి వచ్చింది.

జనులకు కనబడినది కంప్యూటరు. అసలు చాకిరి అంతా కనబడనిచోట జరిగింది. ఈసీ ఇవ్వాలంటే వెనుకటి సంవత్సరముల లావాదేవీలన్నియు లోపల ఉండాలి గదా. 1983 నుండి ఉన్న ఇండెక్సు వివరములను కూర్చుండి ఎక్కించినారు. ఈనాటికిని ఇంటర్నెట్టులో దొరికే ఈసీ 1983 జనవరి 1 నుండి మాత్రమే ఎందుకు ఉంటుందో ఇప్పుడు తెలిసినది గదా! పాత వ్రాతలను ఎక్కించుటలోని కష్టము ఊహించండి. ఒక గుమస్తా పెదనందిపాడు అని, ఇంకొకడు పెద్దనందిపాడు అని వ్రాస్తే మనిషికి రెండును ఒకటే. యంత్రమునకు రెండు ఊళ్లు. ఒక దస్తావేజులో ఇంటిపేరు ముందు, ఇంకొకదానిలో వెనుక. సర్వే నంబరులో గీత పడకపోతే ఒకరి అప్పు ఇంకొకరి పొలము మీద కూర్చుంటుంది. పుస్తకములో చేతితో నకలు చేయాలని ఉన్న చట్టమునకు కూడ రాష్ట్ర సవరణ చేయవలసి వచ్చింది. దళారులు అందరు పోలేదు, ఆ మాట నిజమే. అయితే ఆ పని చేసినవారు కంప్యూటర్లు కొనుటతో సరిపెట్టక పాత పుస్తకములను కూడ ఎక్కించినారని గమనించండి.

ఒకసారి కట్టి ముగించితే అయిపోయే పని కూడ కాదిది. చీరాలలో ఒక ముసలాయన ఉన్నాడనుకొనండి. పుట్టినది గుంటూరు జిల్లాలో. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడగా అందులోనికి వచ్చినాడు. తరువాత దానికే ప్రకాశము పేరు పెట్టినారు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 కాగా బాపట్ల జిల్లా వాడైనాడు. ఇల్లు కదలలేదు, జిల్లా మాత్రము కదిలినది. 2014 జూన్ 2న రాష్ట్రమే రెండైనప్పుడు శాఖల కంప్యూటర్లలోని లెక్కలను కూడ రెండుగా విడదీయవలసి వచ్చింది. ప్రభుత్వమునకు అది ఒక ఉత్తర్వు. పింఛను, రేషను, భూమి, ఓటు అని వేరువేరు ప్రోగ్రాములలో ఆ ముసలాయన పేరు పోకుండ దాటించువానికి నిద్ర లేని రాత్రులు. ఒక్కచోట దాటకపోతే ఆయన పింఛను ఆగుతుంది, ఎందుకు ఆగినదో చెప్పగల మనిషి కిటికీ దగ్గర ఉండడు.

మాకు ఎక్కువ బాధ కలిగించే సంగతి ఇక్కడే ఉన్నది. ఏ ప్రోగ్రాము చేసేముందైనను ఒక గదిలో కూర్చుండి ఏమేమి కావాలో వ్రాసుకొంటారు. అధికారి ఉంటాడు, కంపెనీవారు ఉంటారు. ఆ గదిలో లేనివాని సంగతి కాగితము మీదికి రాదు. 2015లో మన రాష్ట్రపు రేషను షాపులలో వ్రేలిముద్ర యంత్రములు వచ్చినప్పుడు, కూలి చేసేవారి ముద్రలు పడలేదని ఎంతమంది ఉసూరుమని తిరిగి వచ్చినారో మీరు చూచినారు. ఏళ్ల తరబడి మిరపకాయలు కోసి, తొడిమలు తీసి మండిపోయిన వ్రేళ్లకు గీతలు ఎక్కడ మిగులుతాయి? ఆఫీసులో కూర్చున్నవాడు తన మెత్తని బొటనవ్రేలు పెట్టి చూస్తే యంత్రము ప్రతిసారి బాగానే పనిచేస్తుంది.

కౌలు రైతు సంగతియు ఇంతే. మన రెండు జిల్లాల నల్లరేగడిలో పత్తి, మిరప వేసేవారిలో కౌలుదారులు ఎందరో. భూమి ఒకరి పేర, పంట ఒకరిది. 2019లో వచ్చిన చట్టము కౌలుదారునికి 11 నెలల సాగు హక్కు పత్రము ఇవ్వమన్నది, అయితే దానికి భూయజమాని సంతకము కావాలన్నది. 2025-26 సీజనులో సి.సి.ఐ. పత్తి కొనుగోలుకు 'కపాస్ కిసాన్' అను యాప్‌లో ముందుగా పేరు నమోదు చేసుకొనమన్నారు. ఇటువంటి యాప్‌లలో భూమి వివరమునకు ఒక గడి ఉంటుంది. ఆ గడి దగ్గర ఆగిపోయేవాడు పండించినవాడే. ఆ యాప్ చేయించువాడు మన ఊరి బిడ్డ అయితే, "సార్, కౌలుకు చేసేవారు ఈ గడిలో ఏమి నింపాలి?" అని ఆ గదిలో ఒక్క మాట అడగగలడు. అతనికి తెలుసును గనుక.

తప్పు ఎంతదూరము పోగలదో బ్రిటను పోస్టాఫీసుల కథ చెబుతుంది. అక్కడ ఫుజిత్సు కంపెనీ చేసిన హొరైజన్ అను సాఫ్ట్‌వేరు లెక్కలలో లేని లోటు చూపించింది. కంప్యూటరు తప్పు చేయదని పెద్దలు నమ్మినారు. 1999 నుండి 2015 వరకు 900 మందికి పైగా చిన్న పోస్టుమాస్టర్లకు దొంగతనము, మోసము వంటి నేరముల క్రింద శిక్షలు పడినవి. కొందరు జైలుకు వెళ్లినారు, కొందరు ప్రాణములు తీసుకొన్నారు. సాఫ్ట్‌వేరులో లోపములున్నవని 2019లో కోర్టు తేల్చినది. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసి ఆ శిక్షలను కొట్టివేసినది. ఆ ఇరువది ఏండ్లలో లోపము ఉన్నదని లోపలివారికి ఎవరికీ తెలియక కాదు. పైకి చెప్పలేదు.

పైకి చెప్పుట, తల్లిదండ్రులారా, మీ పిల్లల ఉద్యోగములో అన్నిటికంటె బరువైన పని. ప్రతి వారము పని ఎంతవరకు వచ్చినదని అడుగుతారు. అరవై శాతమైనచోట తొంబది అని వ్రాయుమని పైవాడు కన్ను గీటుతాడు. బిల్లు ఆ అంకె మీద ఆధారపడి ఉంటుంది. వచ్చే వారము సర్దుదాములే అనిపిస్తుంది. మన తెలుగువారు గర్వముగా చెప్పుకొన్న సత్యం కంపెనీ లెక్కలు ఏండ్ల తరబడి అట్లే ఉబ్బినవని 2009 జనవరి 7న దాని అధిపతి తానే ఉత్తరము వ్రాసి ఒప్పుకొన్నాడు. ఆ రోజున ఏ పాపము ఎరుగని వేలాది ఉద్యోగుల ఇండ్లలో పొయ్యి మీద అన్నము మాడిపోయింది. అరవైని అరవై అని వ్రాసిన కుర్రవానికి ఆ నెల తిట్లు పడతాయి, ఒక్కోసారి ప్రమోషను కూడ పోతుంది. అతడు ఇంటికి ఫోను చేసి ఆ సంగతి చెబితే "నీకెందుకురా, పైవాళ్లు చెప్పినట్లు వ్రాయి" అని అనకండి. ఆ అంకె చివరకు వచ్చి చేరేది మన రేషను షాపుకు, మన సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు.

పండుగకు వచ్చినప్పుడు అతనిని ఇంట్లోనే కూర్చోబెట్టక ఒక పూట మిరప కల్లమునకు, ఒక పూట జిన్నింగు మిల్లు కాటా దగ్గరకు పంపండి. అక్కడ గుమస్తాతో టీ త్రాగి రమ్మనండి. ఇంట్లో పాత దస్తావేజులుంటే అతని చేతనే చదివించండి. ఊరిపేరు, ఇంటిపేరు, సర్వే నంబరు ఈసీలో ఎట్లున్నవో పోల్చి చూడమనండి. 1983కు ముందటి లావాదేవీ ఇంటర్నెట్టు ఈసీలో కనబడదు గనుక, దానికి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు పెట్టి పాత పుస్తకములలో వెదికించవలెను. తేడా కనబడితే పొలము అమ్మే రోజు దాక ఆగకుండ ఆ సెలవులలోనే కాగితము పెట్టించండి.