సంతకం పెట్టమంటారా?

పెనుగొండ నుంచి ఒక సోదరి ఇలా వ్రాశారు: "మా ఇంట్లో పనిచేసే ఆమె కొడుకు హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. సెలవుల్లో పిల్లల్ని కొండలెక్కించే శిబిరానికి తీసుకువెడతారట. 'సంతకం పెట్టమంటారా అమ్మగారూ?' అంటూ కాగితం పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. పుట్టిందగ్గర్నుంచీ కష్టాలే చూస్తున్న పిల్లవాడికి ఈ కష్టం కూడా దేనికండీ? ఆ డబ్బేదో పుస్తకాలకు పెడితే రెండక్షరాలు వస్తాయి కదా?"

అమ్మా, మీ ఊరి పేరులో కొండ ఉందిగాని, ఊళ్ళో లేదు. చుట్టూ కాలవలూ, వరిచేలూను. కొండ అనగానే మీకు బెరుకు కలగడం సహజమే. అయినా మీ ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు.

పేదవాడికి కష్టం కొత్త కాదన్న మాట నిజం. కాని ఆ కష్టంలో జారితే పట్టుకునేవాళ్ళు ఉండరు. శిబిరంలో అలా కాదు. ఒక పిల్లవాడు బండ ఎక్కుతుంటే, అతని నడుముకు కట్టిన తాడు రెండో కొస కింద మరొక పిల్లవాడి అదుపులో ఉంటుంది. పైవాడి మీద నుంచి కిందివాడు చూపు తిప్పడానికి వీల్లేదు. తర్వాత కిందివాడు పైకీ, పైవాడు కిందికీ. నన్నడిగితే, ఎక్కడం కన్నా తాడు పట్టడమే పెద్ద చదువు. అంతవరకూ ఎవరూ ఏ పనీ నమ్మి అప్పగించని కుర్రవాడికి స్నేహితుడి ప్రాణం అప్పగించినట్టు గదా!

మనవాళ్ళ సంగతే చూడండి. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామంలో వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివేది. ఆ గురుకులాల కార్యదర్శి ప్రవీణ్‌కుమార్ పిల్లలచేత కొండలెక్కించాలని సంకల్పించారు. నేర్పినవారు ఎవరెస్టు ఎక్కి వచ్చిన శేఖర్‌బాబు. మొదటి పాఠం భువనగిరి ఏకశిల మీద. నూరుమందికి పైగా వచ్చారు. వారిలో కొద్దిమంది డార్జిలింగు, మరీ కొద్దిమంది లడఖ్ వెళ్ళారు. చివరకు మిగిలినవారు ఇద్దరు, పూర్ణా, ఖమ్మం జిల్లా కుర్రవాడు సాధనపల్లి ఆనంద్‌కుమారూ. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్ళ పదకొండు నెలలు. 2022 నాటికి ఏడు ఖండాల్లోనూ ఎత్తయిన శిఖరాలు ఎక్కేసింది.

గర్వపడవలసిందే. అయినా ఒక మాట దాచను. పదహారేళ్ళు నిండని పిల్లలను నేపాల్ ఎవరెస్టు ఎక్కనివ్వదు. అందుకే వీళ్ళు టిబెట్ వైపు నుంచి ఎక్కారు. ఆ యేడే ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచుచరియ విరిగిపడి పదహారుమంది పోయారు. పదమూడేళ్ళ పిల్లను అంత ఎత్తుకు పంపమని నేను ఎవరికీ చెప్పను. భువనగిరి బండకు పంపమని మాత్రం తప్పక చెబుతాను. శిఖరం ఇద్దరికే దక్కిందిగాని, తాడు పట్టిన చేతులు నూరుమందివీ గదా.

పోనీ, కొండే కావాలని ఏముంది? ఈ రకం శిక్షణకు మొదటి పాఠశాలల్లో పేరుపడ్డది 1941లో వేల్సు దేశపు సముద్రతీరాన అబెర్‌డోవీలో కుర్ట్ హాన్ అనే ఉపాధ్యాయుడు, లారెన్స్ హోల్ట్ అనే ఓడల యజమాని కలిసి పెట్టినది. యుద్ధంలో ఓడలు మునిగితే వయసు మళ్ళిన నావికులు తట్టుకున్నచోట కుర్రవాళ్ళు ప్రాణాలు వదిలేస్తున్నారని హోల్ట్ బాధ. మీకు సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరి ఉండనే ఉంది. మునిగేవాడి కోసం తామూ దూకకుండా, గట్టునుంచి తాడో గెడో అందించడం నేర్పితే మీ ప్రాంతపు పిల్లలకు అంతకన్న పనికివచ్చే సాహసం ఏముంటుంది?

ఇక ఆ కాగితం. సంతకానికి ముందు ఆ తల్లిని వెంటబెట్టుకుని మీరే హాస్టలుకు వెళ్ళండి. నేర్పేవారు ఎక్కడ శిక్షణ పొందారు? ఎంతమంది పిల్లలకు ఒక శిక్షకుడు? తలకు టోపీ, నడుముకు పట్టీ అందరికీ సరిపడా ఉన్నాయా? దెబ్బ తగిలితే దగ్గర్లో ఆస్పత్రి ఏది? భయమేసి మధ్యలో దిగిపోతానన్న పిల్లవాణ్ణి ఏం చేస్తారు? ఈ చివరి ప్రశ్న మరిచిపోకండి. "ఎగతాళి చేసి ఎక్కిస్తాం" అన్నారంటే కాగితం వెనక్కి తెచ్చేయండి. "దింపి, మర్నాడు మళ్ళీ అడుగుతాం" అంటే, ఆమెచేత సంతకం పెట్టించి, కుర్రవాడికి ఒక జత మంచి బూట్లు మీరు కొనిపెట్టండి.