నటన నేర్చినవానికి మిగులునదేమి?

గడచిన వేసవిలో, మన పాఠశాలలో చదివి వెళ్లిన యువకుడొకడు తండ్రితో గూడ మా యింటికి వచ్చెను. బి.ఏ. పరీక్షలు ముగిసినవి. ఇక హైదరాబాదు విశ్వవిద్యాలయమునందు రంగస్థలకళలు చదువవలెనని అతని పట్టుదల. తండ్రి వ్యవసాయదారుడు. కూర్చుండకమునుపే మమ్ము అడిగెను: "వేషాలు కట్టడానికా మాష్టారూ, రెండెకరాలు తాకట్టుపెట్టి వీణ్ణి చదివించింది? మీరైనా చెప్పండి."

ఆ ప్రశ్నను నవ్వి త్రోసివేయుటకు మాకు మనసొప్పలేదు. నాటకమును నమ్ముకొని బ్రదుకుట కష్టమని మేమెరుగుదుము. ఆ చదువు చదివినవారందరికిని రంగస్థలము కూడు పెట్టదు. కావున ఉద్యోగము మాట ప్రక్కన బెట్టి, ఆ చదువువలన మనుష్యునికి వేరేమి చేకూరునో మాకు తెలిసినంతమట్టుకు ఆయనకు చెప్పితిమి. ఆనాడు చెప్పినదానిని, చెప్పక మిగిలినదానిని గూడ ఇచట వ్రాయుచున్నాము.

మేము కళాశాలలో చదువుకొను దినములలో రెండేండ్లు సాయంకాలపు తరగతులలో నటన నేర్చితిమి. నటులము కాలేదు, బడిపంతులమైతిమి. నటన నేర్చినచో సభాకంపము పోవునని లోకులందురు. మాకు పోలేదు. నేటికిని వార్షికోత్సవమునాడు నివేదిక చదువునప్పుడు మా చేతిలోని కాగితము వణకుచునే యుండును. ముందువరుస పిల్లలు దానిని చూచి నవ్వుకొనుటయు మాకు తెలియును. ఆ వణకుతోనే పని సాగించుట ఎట్లో మాత్రము అలవడినది.

మొదటి నెలలో మా గురువుగారు ఒక్క సంభాషణమైనను చెప్పనీయలేదు. నేలపై వెల్లకిల పరుండి, పొట్టమీద పుస్తకము పెట్టుకొని, అది లేచి దిగునట్లు ఊపిరి తీయుమనిరి. మాకది పిల్లలాటగా తోచెను. గొంతు బిగించి అరచువాని మాట మూడవ వరుసతో ఆగిపోవుననియు, నిండుగా ఊపిరి తీసి అక్షరములు తేటగా పలుకువాని మాట కడపటి వరుసకు చేరుననియు తరువాత తెలిసినది. అరువదిమంది పిల్లల తరగతిలో దినమునకు నాలుగైదు గంటలు మాటలాడు ఉపాధ్యాయునికి ఇంతకు మించి కావలసిన విద్య యేది? నడివయసునకే గొంతు చెడి బాధపడు తోడి ఉపాధ్యాయులను పలువురను చూచితిమి. మేము శిక్షణ పొందిన దినములలో పాఠ్యపథకములు నలువది వ్రాయించిరి కాని, ఊపిరి తీయుట ఎవరును నేర్పలేదు. 2014లో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి బి.ఇడి. చదువులో నాటకమునకును కళలకును చోటు కల్పించినది. మంచి పనియే. అది రికార్డు పుస్తకము నింపి సంతకము చేయించుకొనుటతో ముగియకున్న చాలును.

ఇక వినుట. మాకు దొరకిన మొదటి వేషము సేవకునిది. ముప్పావుగంట రంగముమీద నిలువబడి ఒక్క వాక్యము పలుకవలెను. ఆ వాక్యము ఎప్పుడు వచ్చునా యని కాచుకొని, తక్కినవారి మాటలన్నియు చెవిని బెట్టక, తీరా సమయము వచ్చునప్పటికి దానినే మరచితిమి. గురువుగారు కోపింపలేదు. "నీ మాటకొరకు కాచుకొంటివి, వారి మాట వినవైతివి. వినియుండినచో నీ మాట దానంతటదే వచ్చియుండును" అనిరి. ఉపాధ్యాయులమై పదియేండ్లు గడచినగాని ఆ పలుకు మాకు పూర్తిగా బోధపడలేదు. ఒకనాడు లెక్క తప్పినదని యొక బాలికను, ఆమె యేదో చెప్పబోవుచుండగనే, గద్దించి కూర్చుండబెట్టితిమి. నల్లబల్లమీద అంకె తప్పు వ్రాసినది మేమే యని మరునాడు తెలిసెను. తరగతి యెదుటనే ఆమెకు క్షమాపణ చెప్పుకొంటిమి.

అన్నిటికంటె పెద్దమేలు మాకు 'కన్యాశుల్కము' వలన కలిగినది. గురజాడ అప్పారావుగారి ఈ నాటకము 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడెను. మా తరగతిలో అందరును గిరీశము వేషమునే కోరిరి. మాకు లుబ్ధావధానులు వచ్చెను. ముసలితనమున రూకలిచ్చి పసిపిల్లను పెండ్లాడజూచు పిసినారి. వానిని అసహ్యించుకొనుచు, వెక్కిరించునట్లు అభినయించితిమి. చూచువారు పకపక నవ్విరి, మేము పొంగిపోతిమి. గురువుగారు అభ్యాసము నాపి, "నీవు వాని వేషము వేయుటలేదు, వానిమీద తీర్పు చెప్పుచున్నావు. ఈ ముసలివానికి రాత్రివేళ దేనివలన నిద్రపట్టదో కనుగొని రమ్ము" అనిరి. వారము దినములు నాటకము తిరుగవేసితిమి. ధనము పోవునని భయము, మోసపోదునని భయము, ఇంటనున్న విధవకూతురు మీనాక్షిని గూర్చి నలుగురేమందురో యని భయము. ఇవి తెలిసినంత మాత్రమున వాని పని న్యాయమని తోచలేదు. ఆ యన్యాయము మునుపటికంటె దగ్గరగా, మన వీధిలోనే జరుగుచున్నట్లు కనబడెను. రష్యాదేశపు నాటకాచార్యుడు స్తనిస్లావ్‌స్కీ తన శిష్యులకు నేర్పిన ప్రశ్నయు ఇట్టిదే: ఆ స్థితిలో నేనే యున్నచో ఏమి చేయుదును? ఈ ప్రశ్న నటునికి ఎంత యవసరమో పోలీసునకు, వైద్యునికి, అత్తగారికి అంతే యవసరమని మా నమ్మకము.

నటన చదువుకొన్నవానికి తగదనువారు బళ్లారి రాఘవగారిని తలచుకొనవలెను. 1880లో పుట్టి 1946లో గతించిన ఆ మహానటుడు వృత్తిచేత న్యాయవాది. రాగములు తీసి పద్యములు పాడుటయే నటన యని యెంచిన కాలమున సహజముగా మాటలాడి నటించెను. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టెను. వేషము కట్టుటచేత ఆయన గౌరవమునకు వచ్చిన లోటేమియు లేదు.

ఈ విద్యవలన వచ్చు చెరుపును దాచరాదు. పరీక్ష తప్పిన పిల్లలకు సాయంకాలము తరగతులు పెట్టుటగూర్చి ఒకమారు ఉపాధ్యాయుల సమావేశమున వాదము కలిగెను. పెట్టవలెనని తోడి ఉపాధ్యాయుడొకరు పట్టుబట్టిరి. ఆయన చెప్పునదే సరి యని మాకు లోపల తెలియును. అయినను ఇంటికి త్వరగా పోవలెనను కోరికచేత, గొంతు దించి, తగినచోట ఆగి, తగినచోట నిట్టూర్చి, గెలిచితిమి. పాపము, ఆయనకు చెప్పుట చేతగాలేదు. ఆ యేడు ఆ పిల్లలలో ఇద్దరు బడి మానిరి. ఆ తరువాత ఆయన యొద్దకు పోయి మా తప్పు ఒప్పుకొంటిమి కాని, మానిన పిల్లలు తిరిగి రాలేదు.

ఆ తండ్రి మేము చెప్పినదంతయు ఓపికతో విని, "బాగానే ఉంది మాష్టారూ. దీనికోసం నాటకాల చదువే చదవాలా?" అనెను. మాకు వెంటనే జవాబు తోచలేదు. యువకునివైపు తిరిగి, "మీ నాన్నగారు ఎందుకు వలదనుచున్నారో, ఆయనవలెనే కూర్చుండి, ఆయన మాటలలో చెప్పుము. వెక్కిరింపవలదు సుమా" అంటిమి.

అతడు కొంతసేపు తలవంచుకొని యుండెను. పిమ్మట మోకాళ్లమీద చేతులు రెండును మోపి, మెల్లగా పలికెను: "చెల్లి పెళ్లి చెయ్యాలి. బ్యాంకువాళ్లు రెండుసార్లు కబురుపెట్టారు. రేపు నాకేమన్నా అయితే వీడి చేతిలో ఏముంటుంది?"

తండ్రి అతనివైపే చూచుచు, "ఆ మాట నేనెప్పుడూ అనలేదే" అనెను.

"అనలేదు నాన్నా" అని యువకుడు చేతులు తీసివేసెను.

ఆయన ఆనాడు ఒప్పుకొనలేదు. మజ్జిగ త్రాగి యిద్దరును లేచిరి. గుమ్మము దాటి చెప్పులు తొడుగుకొనుచు, దరఖాస్తుకు గడువు ఎప్పటివరకని ఆయన కుమారుని అడుగుట మాకు వినబడెను.