పాలు పంచుకుంటేనే పాలివారు

గెన్నేసరెతు సరస్సు ఒడ్డున యేసుప్రభువు బోధ వినడానికి జనం ఎగబడ్డారు. రాత్రంతా కష్టపడినా ఒక్క చేప కూడా దొరకని జాలరులు అక్కడే వలలు కడుక్కుంటున్నారు. ప్రభువు సీమోను దోనె ఎక్కి, దాన్ని ఒడ్డు నుంచి కొంచెం లోపలికి తీయమని అడిగి, అందులో కూర్చుని బోధించాడు. బోధ ముగియగానే దిగి వెళ్లిపోలేదు. దోనెను లోతుకు నడిపించి వలలు వేయమన్నాడు. వలలు పిగిలిపోయేంతగా చేపలు పడ్డాయి. రెండో దోనెలోని పాలివారిని పిలిస్తే, రెండు దోనెలూ మునిగేంతగా నిండిపోయాయి (లూకా 5:1-7). ఆ చేపలు దోనెకు కిరాయి అని లేఖనం చెప్పదు. కానీ ప్రభువుకు చోటిచ్చిన ఆ దోనె ఖాళీగా మాత్రం ఒడ్డుకు చేరలేదు.

పాలివారు అనే మాట మన నెల్లూరు తీరానికి కొత్త కాదు. మైపాడులోనైనా, జువ్వలదిన్నెలోనైనా మోటారు బోటు వేట నుంచి తిరిగొస్తే, చేపలు అమ్మిన డబ్బులోంచి ముందు డీజిలు, ఐసు ఖర్చులు తీస్తారు. మిగిలిందే బోటు యజమానికీ, కలాసీలకూ పాళ్లు. డీజిలు ఒక్కడి నెత్తిన వేసి చేపల్లో అందరూ వాటా అడిగితే ఆ బోటు ఎన్నాళ్లు నడుస్తుంది? లాభంలో పాలివాడు ఖర్చులోనూ పాలివాడే.

సముద్రం మీద పాటించే ఈ న్యాయాన్ని రోడ్డు మీద మరిచిపోతాం. మైపాడు నుంచి నెల్లూరు ఇరవై కిలోమీటర్లకు పైనే. ఉద్యోగానికో, ఆదివారం ఆరాధనకో మిత్రుడి బండి వెనుక కూర్చుని వెళ్లొస్తే దాదాపు లీటరు పెట్రోలు ఖర్చు. మన రాష్ట్రంలో లీటరు ధర 2021లోనే వంద రూపాయలు దాటింది. నెలకు పాతిక రోజులంటే రెండున్నర వేల పైమాటే. 'అతను ఎలాగూ వెళ్తున్నాడు కదా' అనుకుంటాం. మనమూ వెళ్తున్నాం కదా! బస్సయితే టికెట్టు కొనేవాళ్లమే. బండి పెట్రోలు బంకు దగ్గర ఆగగానే చాలామందికి సరిగ్గా అప్పుడే ఫోను మాట్లాడాల్సిన పని గుర్తొస్తుంది. బండి నడిపేవాడు మొహమాటంతో అడగడు. కొన్నాళ్లకు 'రేపు నేను తొందరగా వెళ్లాలి' అంటాడు. స్నేహం అక్కడ ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ చెప్పుకోరు.

దేవుని సన్నిధి నుంచి పారిపోతున్న యోనా కూడా ఓడ ఎక్కేముందు కిరాయి చెల్లించాడు (యోనా 1:3). సంఘం పోషణ పొందే హక్కున్న పౌలు సైతం థెస్సలొనీకలో ఎవరికీ భారం కాకూడదని రాత్రింబగళ్లు కష్టపడ్డాడు (2 థెస్స. 3:8-9). ప్రేమ అనే అప్పు తప్ప మరే అప్పూ మిగుల్చుకోవద్దన్నది ఆయన రోమా సంఘానికి చేసిన హితవు (రోమా 13:8). మనం దాన్ని తిరగేశాం. 'మనవాడే, ప్రేమ గలవాడే' అంటూ ఆ ప్రేమను చూపించే డబ్బు బాకీ ఉంచుతున్నాం.

అలాగని ఎక్కించుకున్న ప్రతివారి దగ్గరా లెక్క కట్టమని కాదు. మంచి సమరయుడు గాయపడినవాణ్ని తన వాహనం మీద ఎక్కించుకుని, తిరిగి ఖర్చు కూడా తానే పెట్టుకున్నాడు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మోటారు బోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లో చేతిలో పైసా లేని కలాసీ బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లమంటే పెట్రోలు గుర్తురాకూడదు. ఆపదలో ఎక్కినవాణ్ని లెక్క అడగకూడదు, రోజూ ఎక్కేవాడు లెక్క మరవకూడదు. ఈ రెండూ కలిస్తేనే క్రైస్తవ సహవాసం.

నెల మొదట్లోనే మాట్లాడుకుని, అడగకముందే చేతిలో పెడితే మొహమాటం ఉండదు. వద్దంటే ఒకసారి అతను, మరుసటిసారి మనం పెట్రోలు పోయించవచ్చు. సగం ఇచ్చుకోలేనివారు పావు ఇవ్వవచ్చు, పంక్చరు ఖర్చయినా భరించవచ్చు. విధవరాలి రెండు కాసులను గొప్పగా ఎంచిన ప్రభువు ఆ కొంచెాన్నీ చూస్తాడు.

అవసరంలో ఉన్నవారికి ఏమీ ఇవ్వకుండా 'సమాధానంగా వెళ్లు' అంటే ప్రయోజనమేమిటని యాకోబు ప్రశ్నించాడు (యాకోబు 2:15-16). బండి దిగి 'దేవుడు నిన్ను దీవించును గాక' అనడం మంచిదే. ఆ దీవెనలో మన వంతు పెట్రోలు కూడా ఉంటే అది మరింత మంచిది.